పాఠం చెప్పే పద్ధతుల్లో ఏది ఎప్పుడు వాడాలి?

బోర్డు దగ్గర నిలబడి వివరంగా చెబితేనే పిల్లలకి అర్థమవుతుందని కొందరు టీచర్లు నమ్ముతారు. పిల్లల చేత చేయిస్తే తప్ప ఏదీ తలకెక్కదని ఇంకొందరు. శిక్షణ తరగతులకి వెళ్తే గ్రూపుల్లో కూర్చోబెట్టమంటారు, పరీక్షలు దగ్గరపడగానే రివిజన్ మీద రివిజన్ చేయించమంటారు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకి ఎవరి మాట వినాలో తెలియక మొదటి ఏడాదంతా తికమకగానే గడుస్తుంది.

నా మట్టుకు నాకు, పద్ధతి ఎంచుకునే ముందు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. ఈ పాఠం గురించి ఈ పిల్లలకి ఇప్పటికే ఎంత తెలుసు? దాని జవాబును బట్టి మిగతావన్నీ మారతాయి. అదే తరగతిలో, అదే టీచరుకి, సోమవారం బాగా పనిచేసిన పద్ధతి గురువారానికి పనికిరాకుండా పోవచ్చు. కింది పోలికలన్నిటినీ ఆ ప్రశ్న దగ్గర పెట్టుకునే చూశాను.

చెప్పి నేర్పాలా, పిల్లల్నే కనుక్కోనివ్వాలా

ఎక్కువ వాదన జరిగేది ఇక్కడే, ఎక్కువ నష్టం జరిగేదీ ఇక్కడే. అందుకని దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

భిన్నాల కూడిక తీసుకుందాం. 1/2 + 1/3 ఎంత అని అడిగితే 2/5 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పై అంకెలు రెండూ కలిపారు, కింది అంకెలు రెండూ కలిపారు. మామూలు కూడికలో పడిన అలవాటునే ఇక్కడా వాడారు. 2/5 అంటే సగం కన్నా తక్కువ. సగానికి ఇంకొంత కలిపితే సగం కన్నా తగ్గుతుందా అన్న అనుమానం వాళ్లకి రాదు.

ఈ పాఠాన్ని రెండు రకాలుగా నడపొచ్చు. మొదటి రకంలో టీచరు ఒక కాగితపు పట్టీని సగానికి మడుస్తారు. అంతే పొడవున్న ఇంకో పట్టీని మూడు సమాన భాగాలు చేస్తారు. ముక్కల సైజులు వేరు కాబట్టి వాటిని ఒకటి, రెండు అని లెక్కపెట్టి కలపలేమని చూపిస్తారు. తర్వాత రెండిటినీ ఆరో వంతుల్లోకి మార్చి 3/6, 2/6 అని రాసి, కలిపి 5/6 తేలుస్తారు. మెట్టు మెట్టుకీ తన మనసులో నడుస్తున్న ఆలోచనని పైకి చెబుతారు. "హారాలు వేరుగా ఉన్నాయి. కాబట్టి ఇప్పుడే కలపను. రెండిటికీ సరిపోయే హారం కావాలి. 2, 3 ల క.సా.గు. 6." రెండో లెక్కలో చివరి మెట్టు ఖాళీగా వదిలి పిల్లల చేత పూర్తి చేయిస్తారు. మూడోదాంట్లో రెండు మెట్లు వదిలేస్తారు. నాలుగో లెక్క పూర్తిగా పిల్లలదే.

రెండో రకంలో పట్టీలు పిల్లల చేతికే ఇచ్చి, కలిపితే ఎంతవుతుందో మీరే కనుక్కోండి అంటారు. తరగతి సందడిగా ఉంటుంది, చూసేవాళ్లకి ముచ్చటేస్తుంది కూడా. కానీ బెంచీల మధ్య నడుస్తూ ఒక్కొక్కరి దగ్గరా ఆగి చూడండి. ముందే కొంత తెలిసిన ఇద్దరు ముగ్గురు దారి పట్టేస్తారు. మిగతావాళ్లలో కొందరు పట్టీలు అందంగా మడుస్తూ ఉంటారు, కొందరు పక్కవాళ్ల జవాబు చూసి రాసుకుంటారు. రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి, ఆ తర్వాత ఏం చేయాలో తోచక ఆగిపోయినవాళ్లు ఇంకొందరు.

ఇందులో పిల్లల తెలివితక్కువతనం ఏమీ లేదు. మనిషి మనసు ఒకే సమయంలో పట్టి ఉంచుకోగల కొత్త సంగతులు చాలా కొద్ది. వెతకడానికే ఆ శక్తంతా ఖర్చయిపోతే నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. ఆస్ట్రేలియాకి చెందిన జాన్ స్వెల్లర్ పరిశోధనంతా ఈ విషయం చుట్టూ తిరుగుతుంది. 1985లో ఆయన, గ్రాహం కూపర్ కలిసి బీజగణితం మీద చేసిన ప్రయోగాల్లో, చేసి చూపించిన లెక్కల్ని చదివి నేర్చుకున్న పిల్లలు అలాంటి కొత్త లెక్కల్ని తక్కువ సమయంలో, తక్కువ తప్పులతో చేశారు. సొంతంగా కుస్తీ పట్టినవాళ్లు వెనకబడ్డారు. 2006లో పాల్ కిర్ష్‌నర్, స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ రాసిన వ్యాసం కొత్తగా నేర్చుకునేవాళ్లని సరైన దారి చూపించకుండా వదిలేయడం పనిచేయదని గట్టిగా వాదించింది. ఆ వ్యాసం మీద ఇప్పటికీ చర్చ నడుస్తూనే ఉంది.

మంచి టీచర్ల తరగతుల్లో ఏం జరుగుతుందో ఏళ్ల తరబడి గమనించిన పరిశోధనల్ని బరాక్ రోజెన్‌షైన్ ఒకచోట చేర్చారు. అందులో నాలుగో తరగతి లెక్కల టీచర్ల గురించి ఒక సంగతి ఉంది. 40 నిమిషాల పీరియడులో మంచి ఫలితాలు సాధించిన టీచర్లు వివరించడానికి, చేసి చూపించడానికి, ప్రశ్నలు అడగడానికి సుమారు 23 నిమిషాలు వాడితే, వెనకబడినవాళ్లు 11 నిమిషాలే వాడారు. ఎక్కువ చెప్పడం వల్ల పిల్లలు సొంతంగా చేసే సమయం తగ్గింది కదా అనిపించొచ్చు. కానీ ఆ తక్కువ సమయంలోనే వాళ్లు సరిగ్గా చేయగలిగారు. పక్క తరగతిలో వర్క్‌షీటు ముందేసుకుని, ఒకే తప్పుని ఇరవై లెక్కల్లో రాసుకుంటూ పోయిన పిల్లలకి ఆ అదనపు సమయం వల్ల ఒరిగిందేమీ లేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. చెప్పి నేర్పడానికీ, గంటసేపు ఉపన్యాసం దంచడానికీ చాలా తేడా ఉంది. స్కాట్ ఫ్రీమన్ బృందం 2014లో సైన్సు, ఇంజనీరింగు, గణితం కోర్సుల మీద వచ్చిన 225 అధ్యయనాల్ని కలిపి చూసింది. ఉపన్యాసం మాత్రమే విన్న తరగతుల్లో ఫెయిలైనవాళ్లు 33.8 శాతం. మధ్యలో ఏదో ఒక పని చేయించిన తరగతుల్లో 21.8 శాతం. అవి కాలేజీ తరగతులే అయినా, మాట్లాడుకుంటూ పోయే టీచరు ఎక్కడైనా ఓడిపోతారన్నది నా నమ్మకం. కొంచెం చెప్పడం, వెంటనే అడగడం, చేయించడం, తప్పు దిద్దడం, మళ్లీ కొంచెం చెప్పడం. నేను మెచ్చుకునేది ఆ పద్ధతిని.

మరి కనుక్కోనివ్వడానికి చోటు లేదా అంటే ఉంది, కాకపోతే తర్వాత. విషయం బాగా పట్టుబడిన పిల్లలకి చేసి చూపించిన లెక్కలే అడ్డమవుతాయి. తెలిసినదాన్నే మళ్లీ చదవడానికి వాళ్ల శ్రద్ధ వృథా అవుతుంది. స్లావా కల్యుగా, స్వెల్లర్, మరికొందరు కలిసి 2003లో దీన్ని వివరంగా రాశారు. కాబట్టి భిన్నాల కూడిక వచ్చేసిన పిల్లలకి, "జవాబు 1 వచ్చేలా మూడు వేర్వేరు హారాలున్న భిన్నాలు వెతకండి" లాంటిది ఇచ్చి పక్కకి తప్పుకోవడమే మంచి పాఠం. 1/2, 1/3, 1/6 దొరికాక ఇంకా ఏమున్నాయో వెతుక్కుంటూ వాళ్లే ముందుకెళ్తారు.

ముందు పిల్లల్ని తంటాలు పడనిచ్చి ఆ తర్వాత చెప్పే పద్ధతి కూడా ఉంది. మను కపూర్ దీని మీద సింగపూర్ స్కూళ్లలో చాలా పనిచేశారు. ఇది ఫలించాలంటే రెండు ఉండాలి. సమస్యని మొదలుపెట్టడానికి సరిపడా జ్ఞానం పిల్లల దగ్గర ఉండాలి. వాళ్లు ప్రయత్నించిన దారుల్ని టీచరు తర్వాత బోర్డు మీద పెట్టి, ఏది ఎక్కడ ఆగిపోయిందో చూపించి, సరైన దారికి కలపాలి. రెండోది చేయడానికి సమయం లేనప్పుడు మొదలుపెట్టకండి. సగంలో వదిలేస్తే పిల్లలకి మిగిలేది అయోమయమే.

చేతులెత్తించాలా, అందరి జవాబూ రాబట్టాలా

ప్రశ్న వేయగానే నాలుగు చేతులు లేస్తాయి. అందులో ఒకరు జవాబు చెబుతారు, సరిపోతుంది, పాఠం ముందుకెళ్తుంది. ఆ నలుగురూ రోజూ వాళ్లే. మిగతా తరగతిలో ఎవరికి ఏం అర్థమైందో టీచరుకి తెలిసే వీలే లేదు. ఇన్ని పద్ధతుల్లో ఏది మానేస్తే ఎక్కువ మేలని నన్నడిగితే, దీన్నే చెబుతాను.

ఖర్చు లేని మార్పు కాసేపు ఆగడం. ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో 1970లలో గమనించారు. అది మూడు సెకన్లకి పెరిగితే జవాబులు పొడవయ్యాయి, తెలియదనేవాళ్లు తగ్గారు, ఎప్పుడూ నోరెత్తని పిల్లలు కూడా మాట్లాడారు. మూడు సెకన్ల నిశ్శబ్దం తరగతిలో చాలా పెద్దదిగా అనిపిస్తుంది. మనసులో లెక్కపెట్టుకోండి.

పిల్లలు ముప్ఫైమందికి లోపలైతే పలకలు లేదా చిన్న తెల్ల బోర్డులు మంచివి. అందరూ రాస్తారు, ఒకేసారి ఎత్తుతారు. ఎంతమంది 2/5 రాశారో ఒక్క చూపులో తెలుస్తుంది. తరగతి అంతకన్నా పెద్దదైతే జవాబుకి 1 నుంచి 4 వేళ్లు చూపించమనండి, వేళ్లని గుండెకి ఆనించి పెట్టమంటే పక్కవాళ్లని చూసి మార్చుకోవడం తగ్గుతుంది. ఆలోచించాల్సిన ప్రశ్న అయితే, ముందు ఒంటరిగా, తర్వాత పక్కవాళ్లతో, ఆ తర్వాత తరగతి మొత్తంతో అనే మూడంచెల పద్ధతి ఉంది. 1981లో ఫ్రాంక్ లైమన్ దీన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఇందులో చాలామంది వదిలేసేది మొదటి అంచె. ఒంటరిగా ఆలోచించే ఆ నిమిషం లేకపోతే, చురుకైన పిల్లవాడు చెప్పింది రెండోవాడు వింటాడు, అంతే.

హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1991 నుంచి వాడుతున్న పద్ధతి హైస్కూలు సైన్సుకి చక్కగా సరిపోతుంది. ఉదాహరణకి ఒక గ్లాసు నిండా అంచు వరకూ నీళ్లు, అందులో తేలుతున్న మంచుగడ్డ. అది కరిగితే నీళ్లు పొర్లుతాయా, మట్టం తగ్గుతుందా, అలాగే ఉంటుందా? ఒక్కొక్కరూ విడిగా జవాబు ఎంచుకోవాలి. దాదాపు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెబితే, వేరే జవాబు చెప్పిన పక్కవాళ్లని ఒప్పించమని రెండు నిమిషాలిచ్చి, మళ్లీ ఓటు వేయించాలి. సరిగ్గా చెప్పినవాళ్లు 30 కన్నా తక్కువుంటే చర్చ దండగ, అందరూ కలిసి తప్పులోకే వెళ్తారు. అప్పుడు పాఠం మళ్లీ చెప్పాలి. 70 దాటితే చిన్న వివరణ ఇచ్చి ముందుకెళ్లాలి. నీటి మట్టం మారదు. తేలుతున్నప్పుడు మంచుగడ్డ ఎంత నీటిని తొలగించిందో, కరిగాక అంత నీరే అవుతుంది. కానీ ఆ మాట టీచరు నోటి నుంచి మొదట్లోనే వస్తే పిల్లలు రాసుకుంటారు, మర్చిపోతారు. పొర్లుతాయని పందెం కాసినవాడు మాత్రం మర్చిపోడు.

మళ్లీ చదివించాలా, గుర్తు చేసుకోమనాలా

నాకు సందేహమే లేని పోలిక ఇది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో కాలేజీ విద్యార్థులకి ఒక చిన్న పాఠం ఇచ్చారు. కొందరు దాన్ని రెండోసారి చదివారు. కొందరు పుస్తకం మూసి, గుర్తున్నంతా రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి, 81 శాతానికి 75. వారం తర్వాత తారుమారైంది. గుర్తు చేసుకుని రాసినవాళ్లకి 56, మళ్లీ చదివినవాళ్లకి 42.

అంటే రేపు పొద్దున పరీక్ష కోసమైతే మళ్లీ మళ్లీ చదివించడం సరిపోయినట్టే కనిపిస్తుంది. బట్టీ పద్ధతికి ఇన్నేళ్లుగా పేరు నిలబడింది అందుకే. పై తరగతిలో అదే పాఠం పునాదిగా కావాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది.

తరగతిలో చేయడం తేలిక. పీరియడు మొదట్లో ఐదు నిమిషాలు, నాలుగు ప్రశ్నలు. ఒకటి నిన్నటిది, ఒకటి పోయిన వారానిది, ఒకటి పోయిన నెలది, ఒకటి ఈరోజు పాఠానికి అవసరమైన పాతది. పుస్తకాలు మూసి ఉండాలి. మార్కులు ఎక్కడా రాయకూడదు. స్లిప్ టెస్టు అనగానే పిల్లలకి పుట్టే భయం దీనికి అంటుకుంటే పని చెడుతుంది. జవాబులు అప్పుడే చెప్పేసి, తప్పులు వాళ్ల చేతే దిద్దించాలి.

దీని పక్కనే ఇంకో ఎంపిక ఉంది. ఒక రకం లెక్కలన్నీ అయ్యాకే రెండో రకానికి వెళ్లాలా, కలగలిపి ఇవ్వాలా? డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ఘనపరిమాణం లెక్కలతో చూశారు. అభ్యాసం చేస్తున్నప్పుడు ఒకే రకం వరసగా చేసినవాళ్లకి 89 శాతం సరిగ్గా వచ్చాయి, కలగలిపి చేసినవాళ్లకి 60. వారం తర్వాతి పరీక్షలో ఒకే రకం చేసినవాళ్లు 20కి పడిపోయారు, కలగలిపినవాళ్లు 63 దగ్గర నిలబడ్డారు. ఒకే రకం లెక్కలు ఇరవై చేస్తే ఏ సూత్రం వాడాలో ఆలోచించే అవసరమే రాదు. పరీక్షలో మొదట కావాల్సింది ఆ ఆలోచనే. కొత్త పద్ధతి నేర్పిన రోజు ఒకే రకం ఇవ్వండి. మర్నాటి నుంచి హోంవర్కులో పాతవి కలిపేయండి. తప్పులు పెరుగుతాయి, తల్లిదండ్రులు కంగారు పడతారు. వాళ్లకి ముందే చెప్పి ఉంచడం మంచిది.

గ్రూపులు, ఇంటి దగ్గర వీడియోలు, నేర్చుకునే శైలులు

గ్రూపు పని మీద నా ఉద్దేశం క్లుప్తంగా చెబుతాను. ఒక్కరే చేయగలిగిన పనిని నలుగురికి ఇస్తే ఒక్కరే చేస్తారు. రాబర్ట్ స్లావిన్ తన పరిశోధనల్లో తేల్చింది కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. గ్రూపు మొత్తానికి ఒక లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యం ఒక్కొక్కరూ నేర్చుకున్నదాని మీద ఆధారపడి ఉండాలి. 1971లో ఎలియట్ ఆరన్సన్ టెక్సాస్‌లో మొదలుపెట్టిన పద్ధతిలో పాఠాన్ని ముక్కలు చేసి తలా ఒకటి ఇస్తారు. వేర్వేరు గ్రూపుల్లో ఒకే ముక్క వచ్చినవాళ్లు ముందు ఒకచోట చేరి దాన్ని బాగా నేర్చుకుని, తిరిగొచ్చి తమ గ్రూపుకి చెబుతారు. సాంఘిక శాస్త్రంలో విడివిడిగా అర్థమయ్యే అంశాలకి ఇది బాగుంటుంది. ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ వెళ్లే లెక్కల పాఠానికి వాడొద్దు.

పాఠాన్ని వీడియోగా ఇంటికిచ్చి, తరగతిలో అభ్యాసం చేయించే పద్ధతి 2007లో కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు కెమిస్ట్రీ టీచర్లతో బాగా వ్యాపించింది. పెద్ద పిల్లలకి, అందరి ఇళ్లలోనూ చూసే వసతి ఉంటే ఆలోచించొచ్చు. ఆ వసతి లేని పిల్లలు కొద్దిమందే ఉన్నా నేనైతే వద్దంటాను. వాళ్లు తరగతికి రాకముందే వెనకబడిపోతారు.

కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకుంటారని పిల్లల్ని మూడు రకాలుగా విడదీసి, ఒక్కో రకానికి ఒక్కో పాఠం తయారుచేయమనే సలహా ఇంకా వినిపిస్తోంది. అంత శ్రమ అక్కర్లేదు. హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు 2008లో ఉన్న పరిశోధనంతా పరిశీలించి, అలా విడదీసి నేర్పితే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం దొరకలేదన్నారు. బొమ్మ, మాట, చేతిపని మూడూ అందరికీ కావాలి. ఏది ముందన్నది పాఠాన్ని బట్టి ఉంటుంది. పటం లేకుండా నదుల పాఠం ఎవరికీ అర్థం కాదు.

స్థాయిల్లో తేడా మాత్రం నిజమైనదే. అందరికీ ఒకే పాఠమా, స్థాయిని బట్టి వేరుచేయాలా అన్నది కష్టమైన ఎంపిక. చదవడం, లెక్కించడం లాంటి మూల నైపుణ్యాల్లో పిల్లలు బాగా వెనకబడి ఉంటే రోజులో కొంతసేపు, ఆ ఒక్క నైపుణ్యం వరకే, వయసుని పక్కనపెట్టి ఇప్పుడున్న స్థాయిని బట్టి కూర్చోబెట్టడం మేలు. పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ చేసే పని ఇలాంటిదే. కానీ గ్రూపులు కొన్ని వారాలకొకసారి మారుతూ ఉండాలి. ఏడాదంతా కదలని గ్రూపు అయితే అందులో పడిన పిల్లలకి తామేమిటో ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ గ్రూపు పేరే చెప్పేస్తుంది.

మార్కు వేయాలా, మాట రాయాలా

రూత్ బట్లర్ 1988లో ఐదు, ఆరు తరగతుల పిల్లలతో ఒక పరిశీలన చేశారు. కొందరి పేపర్ల మీద మార్కు మాత్రమే, కొందరికి వ్యాఖ్య మాత్రమే, కొందరికి రెండూ. తర్వాతి పనిలో మెరుగుపడింది వ్యాఖ్య మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లకి వ్యాఖ్య వల్ల కలిసొచ్చిందేమీ లేదు. మార్కు కనిపించగానే పిల్లల చూపు దాని దగ్గరే ఆగిపోతుంది, పక్కవాడికెంత వచ్చిందో చూడటంతో పేపరు మడతపడుతుంది.

పరీక్షలకి మార్కులు తప్పవు. నోటుబుక్కులకి, ప్రాక్టీసు పేపర్లకి మాత్రం మార్కు మానేసి ఒక్క వాక్యం రాయండి. "బాగుంది", "ఇంకా కష్టపడాలి" లాంటివి పనికిరావు, వాటితో పిల్లవాడు ఏం చేయాలి? "రెండో లెక్కలో హారాలు ఒకటి చేయకముందే కలిపావు. దాన్ని మళ్లీ చెయ్" అని రాస్తే చేయడానికి పని ఉంటుంది.

అరవై పుస్తకాల్లో అలా రాయడం ఎవరి తరమూ కాదు. దానికి వేరే దారి ఉంది. పుస్తకాలన్నీ చదువుతూ, ఎక్కువమంది చేసిన మూడు తప్పుల్ని ఒక కాగితం మీద రాసుకోండి. మర్నాడు ఆ తప్పుల్ని పేర్లు లేకుండా బోర్డు మీద వేసి, ఎక్కడ దారి తప్పిందో తరగతి చేతే చెప్పించండి. ఆ తర్వాత పుస్తకాలు చేతికిచ్చి, అలాంటి తప్పు తమ దగ్గర ఉందేమో వెతికి దిద్దుకోమని పది నిమిషాలివ్వండి. ఆ పది నిమిషాలూ తరగతిలోనే ఇవ్వాలి, ఇంటి దగ్గర చేసుకోమంటే చేయరు. దిద్దుకోవడానికి ఏమీ లేనివాళ్లకి ముందే ఇంకో లెక్క రాసి పెట్టుకోండి.